తరగతిలో సినిమా పాఠం: ముందు చూసుకోవలసినవి

తిరుపతి, చిత్తూరు బడుల్లో సినిమాను పాఠంగా చెప్పబోయే ఉపాధ్యాయులకు:

- సినిమా అంతా ముందు మీరే చూడండి. యు, యుఎ 7+, 13+, 16+ ధ్రువపత్రాల్లో ఏది ఉందో పిల్లల వయసుతో సరిచూడండి.

- 1957 కాపీరైట్ చట్టం బోధనలో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు, తల్లిదండ్రులకు చూపనిస్తుంది. బయటివారిని పిలవకండి.

- మూడు గంటలూ వేయకండి. ఐదు నిమిషాల సన్నివేశం చాలు. మొదట శబ్దం తీసేసి చూపండి: కెమెరా ఎక్కడుంది, షాట్ ఎక్కడ మారింది, వెలుగు ఎటునుంచి పడింది, పిల్లలే పట్టుకుంటారు. తర్వాత శబ్దంతో వేయండి. కథ మాత్రం అడగకండి, అది వాళ్లకు ఎలాగూ తెలుసు.

- నటన గురించైతే చిత్తూరు నాగయ్యను ఎంచుకోండి. నాటకాల నుంచి వచ్చిన నటుడు కెమెరా ముందు గొంతు ఎలా తగ్గించాడో గమనించమనండి.

- మధ్యాహ్నమైతే కిటికీలకు ముదురు దుప్పట్లు కట్టండి.