నిర్బంధంలో ఉన్న రచయిత తరఫున ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు రాయడం

రాసిన మాటకు ఎవరినైనా జైల్లో పెట్టినప్పుడు, భావప్రకటనా స్వేచ్ఛ కోసం ఐక్యరాజ్యసమితి 1993లో ఏర్పాటు చేసిన ప్రత్యేక ప్రతినిధికి (స్పెషల్ రాపోర్టర్‌కు) ఏ దేశం నుంచైనా ఫిర్యాదు పంపవచ్చు. స్థానిక కోర్టుల్లో కేసు తేలేదాకా ఆగనక్కరలేదు. అన్నిటికంటే ముందు బాధితుని సమ్మతి తీసుకోవాలి, ఎందుకంటే ఆ పేరు ప్రత్యేక ప్రతినిధి నుంచి ప్రభుత్వానికి వెళ్లే లేఖలోనూ, తర్వాత బహిరంగ నివేదికలోనూ కనిపించవచ్చు. ఈ సంగతి విడమరిచి చెప్పకుండా ముందుకు వెళ్లడం, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, తగదు. ఎవరిని, ఏ తేదీన, ఎక్కడ, ఎవరు పట్టుకెళ్లారో, ఏ నేరం మోపారో వరుసగా రాయండి. “దారుణంగా వేధించారు” అనే బదులు “మూడు రోజులు న్యాయవాదిని కలవనివ్వలేదు” అని రాస్తే, ప్రభుత్వాన్ని సూటిగా ప్రశ్నించడానికి వీలవుతుంది. దూషణలు వద్దు. కేవలం పత్రికా కథనాలపైనే ఆధారపడిన ఫిర్యాదులను స్వీకరించరు కనుక, కళ్లారా చూసినవారి వాంగ్మూలమో, కోర్టు పత్రమో జతచేయండి.