మొదటి బొంత ఎలా కుట్టాలి? ఒక్క పాత చీరతో మొదలుపెట్టండి

బొంత కుట్టడం నేర్చుకోవాలని ఉత్సాహపడేవాళ్లు చాలామంది మొదటిసారే డబుల్ కాట్ సైజు మొదలుపెడతారు. అది సగంలోనే అటకెక్కుతుంది. ముందు పసిపిల్లల కింద పరిచే చిన్న బొంత కుట్టండి. అందుకు ఒక్క నూలు చీర సరిపోతుంది.

సూది పని రాదని టెన్షన్ వద్దు. ఇందులో ఉన్నది సూదిని పైకీ కిందికీ దూర్చే మామూలు కుట్టే. అసలు పనితనమంతా పొరలు పరిచే దగ్గరే ఉంది.

చీర సిద్ధం చేయడం

ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర తీసుకోండి. పాలియెస్టర్ కలిసినది జారిపోతుంది, తడి పీల్చదు. ఫాల్ ఉంటే విప్పేయండి. గంజి ఉంటే సూది దిగదు కాబట్టి నానబెట్టి ఉతికి, ఆరాక ఇస్త్రీ చేయండి. నీళ్లలో ఇంకా రంగు వదులుతుంటే వేరే చీర చూసుకోండి.

రెండు అంచులూ కత్తిరించి పక్కన పెడితే సుమారు మీటరు వెడల్పు మిగులుతుంది. చీర పొడవు దాదాపు 5.5 మీటర్లు. అంటే మీటరు చదరాలు 5 వస్తాయి. వెలుతురుకు పట్టి చూడండి. పలచబడ్డవి లోపలికి, గట్టిగా ఉన్నవి పైకీ అడుక్కీ.

పరచడం

ఇక్కడ తొందరపడకండి. లోపల ఒక్క పొర ముడతపడినా, అది కుట్ల మధ్య ఉబ్బెత్తుగా నిలిచిపోతుంది. తర్వాత ఎంత లాగినా పోదు.

నున్నటి గచ్చు మీద అడుగు పొర పరిచి, నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించండి. బిగువుగా ఉండాలి, సాగదీయకూడదు. దాని మీద ఒక్కో పొరా వేస్తూ, ప్రతిసారీ అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరండి.

తర్వాత కచ్చా కుట్టు. కొట్టొచ్చినట్టు కనిపించే వేరే రంగు దారంతో, 3 అంగుళాల పొడవున పెద్ద కుట్లు వేయండి. మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లాలి. అప్పుడే మిగులు గుడ్డ అంచుల వైపు జరుగుతుంది. వరసకూ వరసకూ జానెడు దూరం చాలు. విసుగనిపించినా ఈ పని మానొద్దు. ఒళ్లో పెట్టుకుని కుట్టేటప్పుడు పొరలు కదలకుండా పట్టి ఉంచేది ఇదే.

కుట్టడం

చాక్‌పీసుతో రెండు వేళ్ల దూరంలో గీతలు గీసుకోండి. దారం మూరెడుకు మించొద్దు, చిక్కుపడుతుంది. ముడిని పొరల మధ్యకు లాగేస్తే కనిపించదు. సూది మీద రెండు మూడు కుట్లు ఎక్కించాక ఒకేసారి లాగండి. అడుగున ఎడమచేతి వేలు ఉంచితే సూది అన్ని పొరలనూ దాటిందో లేదో తెలుస్తుంది. దారాన్ని బిగించి లాగితే గుడ్డ కుచ్చుపడుతుంది. ఇక్కడ కూడా మధ్య నుంచే బయటికి కుట్టుకుంటూ రండి. కుట్లు చిన్నవిగా లేకపోయినా ఫరవాలేదు, ఒకే కొలతలో ఉంటే అందంగా కనిపిస్తాయి.

అంచు కట్టడం

నాలుగు వైపులా సమంగా కత్తిరించి, తీసి పెట్టిన చీర అంచును మడిచి చుట్టూ కుట్టండి. జరీ అంచయితే పసివాళ్ల ఒంటికి గీరుకుంటుంది. అప్పుడు మిగిలిన అర మీటరు గుడ్డ నుంచి పట్టీలు తీసుకోండి. చివరగా కచ్చా కుట్లు విప్పేసి, సూదీ గుండుసూదీ ఏదీ మిగల్లేదని రెండు వైపులా తడిమి చూశాకే ఉతకండి.

ఆ తర్వాత

చేయి తిరిగాక ముక్కలు అతికే బొంతకు వెళ్లొచ్చు. కుట్టులోకి ప్రతి వైపూ పావు అంగుళం పోతుంది కాబట్టి, 4 అంగుళాల చదరం కావాలంటే నాలుగున్నర అంగుళాలు కత్తిరించాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలది వేరే పద్ధతి. వాళ్లు అంచుల దగ్గర మొదలుపెట్టి, ముక్కలు పెడుతూ, అదే కుట్టుతో పొరలన్నీ కలుపుతూ మధ్యకు వస్తారు. ముక్కలను ముందే కొలిచి అతికే పని ఉండదు. రెండో బొంతకు ఆ దారి పట్టమనే నా సలహా.