కెర్కీరాలో గుమ్మం దాటే ముందు

గ్రీసులోని కోర్ఫూ దీవికి కెర్కీరా ముఖ్యపట్టణం. పాతపేటలో అన్నీ నడిచే దూరమే కదా అని ఏమీ చూసుకోకుండా బయల్దేరితే, మూసిన తలుపులు చూసి రావాల్సి వస్తుంది.

• వేళలు ముందురోజు రాత్రే చూసుకోండి. ప్రభుత్వ మ్యూజియంలు చాలావాటికి వారంలో ఒకరోజు సెలవు. మార్చి 25, మే 1, ఈస్టర్ ఆదివారం కూడా మూసేస్తారు. వాళ్ల ఈస్టర్ చాలా ఏళ్లు మన క్యాలెండర్లో ఉన్న తేదీన రాదు.

• చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకునే వెళ్లాలి. సంచిలో ఒక చున్నీ పడేసుకోండి. మగవాళ్లు టోపీ తీయాలి. చెప్పులు మాత్రం విప్పక్కర్లేదు, అలవాటుకొద్దీ గుమ్మం దగ్గర వదిలేసేరు!

• ఈ దీవిని కాపాడే సాధువుగా జనం కొలిచే సెయింట్ స్పిరిడాన్ చర్చిలో ఆయన భౌతికకాయం వెండి పేటికలో ఉంటుంది. జనం వరుసగా వచ్చి ముద్దుపెట్టుకుంటారు. అది వాళ్లకు దర్శనం. మధ్యలో దూరి ఫోన్ ఎత్తకండి. చర్చిలో ముందువైపు సాధువుల పటాలున్న అడ్డుతెర వెనక భాగం మన గర్భగుడి లాంటిది, అటు అడుగు పెట్టకూడదు. కొవ్వొత్తి వెలిగించాలనుంటే చిల్లర నాణేలు ఉంచుకోండి.

• ఆంటివూనియోటిస్సా చర్చే ఇప్పుడు బైజాంటైన్ (పాతకాలపు తూర్పు రోమన్ సామ్రాజ్య సంప్రదాయపు) క్రైస్తవ కళ మ్యూజియం. మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

• పురావస్తు మ్యూజియంలో గ్రీకు దేవత ఆర్టెమిస్ గుడి నుంచి తెచ్చిన గోర్గాన్ (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న రాక్షసి) శిల్పఫలకం వెడల్పే సుమారు 17 మీటర్లు. నడుముకు పాములు ముడేసుకుని, పరుగెత్తే భంగిమలో ఉంటుందామె. దీనికోసం అరగంట మిగుల్చుకోండి. ఫ్లాష్ ఆపేయండి.

• వీధుల్లో రాతిపలకలు అరిగి నున్నబడ్డాయి. వానపడితే జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.