స్టోర్డ్ ప్రొసీజరా, కోడ్‌లో క్వెరీయా: ఎలా తేల్చుకోవాలి?

డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాన్ని (క్వెరీని) డేటాబేస్ లోపలే పేరు పెట్టి దాచిన ప్రోగ్రామ్‌లో, అంటే స్టోర్డ్ ప్రొసీజర్‌లో ఉంచాలా, అప్లికేషన్ కోడ్‌లోనే రాయాలా అన్న చర్చలో ప్రొసీజర్ తరఫున ముందుగా వినిపించే వాదనలు వేగం, భద్రత. ఈ రెండింటినీ మొదటే పక్కన పెట్టవచ్చు. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి డేటాబేస్‌లు కోడ్ నుంచి పారామీటర్లతో (క్వెరీలో అతికించకుండా విడిగా పంపే విలువలతో) వచ్చే క్వెరీకి కూడా ఎగ్జిక్యూషన్ ప్లాన్‌ను (దానిని ఎలా నడపాలో వేసుకున్న పథకాన్ని) దాచుకొని మళ్లీ వాడుకుంటాయి. ఇక ఇంజెక్షన్ దాడిని (విలువ ఇవ్వవలసిన చోట ఆదేశాలను చొప్పించడాన్ని) ఆపేది పారామీటరే తప్ప ప్రొసీజర్ కాదు. లోపల స్ట్రింగులను అతికించి క్వెరీని తయారుచేసే ప్రొసీజర్‌కు ఆ ముప్పు అంతే ఉంటుంది.

అసలు చూడవలసినది ఆ టేబుల్‌లో ఎవరెవరు రాస్తున్నారన్నది. ఖాతా నిల్వల టేబుల్‌ను వెబ్‌సైటు, మొబైల్ యాప్ సర్వర్, పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ మూడూ మారుస్తున్నప్పుడు, నిల్వ సరిపోతుందో లేదో చూసే నియమాన్ని మూడు చోట్ల రాయడం కంటే ఒక్క ప్రొసీజర్‌లో ఉంచి, టేబుల్‌పై నేరుగా అప్‌డేట్ చేసే హక్కును ఆ మూడింటికీ తీసివేయడం మేలు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇక్కడొక మెలిక ఉంది: ప్రొసీజర్ మామూలుగా పిలిచినవారి హక్కులతోనే నడుస్తుంది కనుక దానిని సెక్యూరిటీ డిఫైనర్‌గా (తన యజమాని హక్కులతో నడిచేదిగా) ప్రకటించి, సెర్చ్ పాత్‌ను (టేబుళ్ల వంటి వాటి పేర్లను ఏయే చోట్ల వెతకాలో చెప్పే వరుసను) స్థిరపరచాలి, పైగా ఎగ్జిక్యూట్ హక్కు మొదటి నుంచీ అందరికీ ఉంటుంది కాబట్టి, దానిని పబ్లిక్ నుంచి రద్దు చేసి, కావలసిన యూజర్లకే ఇవ్వాలి.

రెండవది, నెట్‌వర్క్‌పై రాకపోకలు. నెలాఖరున లక్షల ఖాతాలకు వడ్డీ వేయడం ఒక్క అప్‌డేట్ వాక్యంతో అయ్యే పనైతే దానిని కోడ్ నుంచి పంపినా నష్టం లేదు. మధ్యలో తేలిన ఫలితాలను బట్టి మరికొన్ని క్వెరీలు నడపవలసి వస్తేనే, వాటి రాకపోకలు తప్పుతాయి కనుక, ప్రొసీజర్ లాభిస్తుంది.

వినియోగదారుడు ఊరు, ధర, తేదీలలో ఏదైనా ఎంచుకొని వెతికే పేజీకి మాత్రం క్వెరీని కోడ్‌లోనే కూర్చాలి. ప్రొసీజర్‌లో ప్రతి షరతుకూ ‘విలువ నల్ (ఖాళీ) అయితే వదిలెయ్యి’ అని రాస్తే, ఒక రకం వెతుకులాటకు కుదిరిన ప్లాన్ మరొక రకానికి గుదిబండగా మారవచ్చు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో స్టోర్డ్ ప్రొసీజర్లే లేవు. అక్కడ ఈ ప్రశ్నే తలెత్తదు.

ప్రొసీజర్‌ను ఎంచుకుంటే దాని మూలాన్ని గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలో) మైగ్రేషన్ ఫైలుగా (డేటాబేస్‌లో చేయవలసిన మార్పును రాసిన ఫైలుగా) ఉంచాలి. నేరుగా ప్రొడక్షన్‌లో (వినియోగదారులు వాడుతున్న డేటాబేస్‌లో) దిద్దే అలవాటును మొగ్గలోనే తుంచాలి. కొత్త పారామీటర్ చేర్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ పాత ప్రొసీజర్‌ను తొలగించదు, రెండూ పక్కపక్కనే ఉండిపోతాయి. సర్వర్లన్నీ కొత్త కోడ్‌కు మారేవరకు అది అనుకూలమే, ఆ తరువాత పాతదానిని డ్రాప్ చేసే మైగ్రేషన్‌ను విడిగా రాయాలి.