మంచు కరిగే రోజుల్లో నదీయానం, ఏటి ఒడ్డున విడిది: తీసుకోవలసిన జాగ్రత్తలు

వసంతకాలపు వరదకు వాన పడనక్కరలేదు. శీతకాలమంతా ఎగువ కొండల మీద పేరుకున్న మంచు కరగడం మొదలైతే, మీరున్న చోట ఆకాశం నిర్మలంగా ఉన్నా నది పొంగుతుంది. ఆ మంచు మీద వెచ్చని వాన కూడా తోడైతే కొన్ని గంటల్లోనే ఉద్ధృతమవుతుంది. కాబట్టి బయలుదేరే ముందు ఎగువన మంచు ఎంత మిగిలి ఉందో, అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగుతోందో లేదో, నీటిమట్టం పెరుగుతోందో తగ్గుతోందో తెలుసుకోవాలి. రాత్రిపూట కూడా గడ్డకట్టనంత వెచ్చగా ఉంటే మంచు కరగడం ఆగదు. అలాంటి వారంలో ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

పగటి ఎండకు కరిగిన నీరు దిగువకు చేరడానికి సమయం పడుతుంది గనుక, ఇటువంటి ఏరులు సాధారణంగా సాయంత్రం నుంచి రాత్రి దాకా పెరిగి, తెల్లవారేసరికి తగ్గుతాయి. వాగులు దాటవలసి ఉంటే ఉదయమే దాటాలి. వీపున ఉన్న సంచి నడుము పట్టీని ముందే విప్పుకోవాలి. కాలు జారితే ఆ బరువును వెంటనే వదిలించుకోగలగాలి. వడిగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడదోయగలదు.

గుడారం వేసే ముందు తల పైకెత్తి చెట్ల కొమ్మలను చూడండి. కొమ్మల సందుల్లో ఎండుగడ్డి, పుల్లలు, ఆకులు ఒకే వైపుకు వాలి చిక్కుకుని ఉంటే, గతంలో వరద ఆ ఎత్తుకు వచ్చిందన్నమాట. ఆ గుర్తుకు పైన, నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, చీకట్లోనూ ఎత్తైన చోటికి నడిచి వెళ్లగల దారి ఉన్న స్థలం ఎంచుకోవాలి. నది మధ్య దిబ్బలు, గులకరాళ్ల మేటలు, ఎండిపోయిన వాగులు చూడ్డానికి ఎంత చక్కగా ఉన్నా పనికిరావు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీరు దాన్ని దాటి పెరిగిందేమో పడుకునే ముందు చూసుకోండి. నీరు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, దుంగలు కొట్టుకొస్తున్నా, హోరు మారినా వెంటనే పైకి వెళ్లాలి. మట్టం హఠాత్తుగా తగ్గినా నమ్మరాదు. ఎగువన మంచుపలకలు అడ్డుపడి ఉండవచ్చు, ఆ అడ్డు తెగితే నీరంతా ఒక్కసారిగా వస్తుంది. పడవలను కూడా పైకి లాగి కట్టాలి. అవి కొట్టుకుపోతే తిరిగి వచ్చే దారీ పోయినట్టే.

నీటి మీద ఉన్నప్పుడు లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో కాదు. ఎండ ఎంత హాయిగా ఉన్నా నీటి చలికి తగ్గ దుస్తులే వేసుకోవాలి, ఎందుకంటే చల్లని నీటిలో పడ్డ మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, సుమారు పది నిమిషాల్లో చేతులు సరిగా పనిచేయడం మానేస్తాయి. పడితే వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకెత్తి, పాదాలు దిగువ వైపు ఉంచాలి; వడిలో నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. అన్నిటికంటే ప్రమాదం నదికి అడ్డంగా కూలిన చెట్లు: నీరు కొమ్మల్లోంచి పోతుంది, మనిషి పోలేడు. మలుపు అవతల కనిపించకపోతే ముందే ఒడ్డుకు చేరి, నడిచి వెళ్లి చూసి రావాలి.

ఇక, ఒకటి రెండు రోజులకు సరిపడా అదనపు ఆహారం వెంట ఉంచుకోండి. తిండి అయిపోతోందన్న తొందరలోనే చాలామంది పొంగుతున్న నదిలోకి దిగుతారు. మీ మార్గాన్ని, తిరిగి వచ్చే రోజును ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి, నీరు తగ్గేదాకా ఆగితే ఎంత ఆలస్యం కావచ్చో, ఏ రోజుకల్లా కబురు అందకపోతే సహాయం కోరాలో కూడా అందులో చెప్పండి.