సొంతంగా నేర్చుకుందాం సీ ప్రోగ్రామింగ్ – 3వ పాఠం: నీలం తెర నుంచి జీనీకి

కిందటి పాఠంలో లాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్నాం. సీ భాషలో ప్రోగ్రాములు రాయడానికి జీనీ, జీసీసీ అనే రెండు సాఫ్ట్‌వేర్‌లూ ఎక్కించుకున్నాం. "రెండెందుకు, ఒకటి చాలదా?" అని చాలామందికి అనుమానం మిగిలే ఉంటుంది. అది తీరితేనే ముందుకు వెళ్లగలం, అందుకే ఈ పాఠమంతా దాని మీదే.

ముందు పలాస సంగతి ఒకటి చెబుతాను. సాయంత్రాలు నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లల్లో ఒకమ్మాయి, వాళ్ల నాన్న పనిచేసే చోట రోజూ వినే లెక్కనే ప్రోగ్రామ్‌గా రాసింది. జీడిపిక్కల బస్తా 80 కిలోలు. 500 బస్తాలు దిగితే మొత్తం ఎన్ని కిలోలు? కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర మీద రాసి రన్ చేస్తే వచ్చిన జవాబు -25536. నోటిలెక్కన చేసినా 40000 రావాలి కదా. "బరువు మైనస్‌లో వచ్చిందేటి మాస్టారూ? నాకు సీ రాదేమో" అని రెండు రోజులు టెన్షన్ పడింది. తీరా చూస్తే ఆ లెక్కలో ఒక్క అక్షరం తప్పు లేదు.

జరిగింది ఇదీ. టర్బో సీలో ఇంట్ అనే పూర్ణాంకానికి దొరికే చోటు రెండు బైట్లు. అందులో పట్టే పెద్ద అంకె 32767. అది దాటితే బండి మీటరు చివరిదాకా తిరిగి మళ్లీ మొదటికి వచ్చినట్టు, లెక్క అటు చివర మైనస్ వైపు నుంచి మొదలవుతుంది. రెండు బైట్లలో పట్టే అంకెలు, మైనస్‌వీ కలిపి, మొత్తం 65536. 40000 లోంచి ఆ 65536 తీసేసి చూడండి, సరిగ్గా -25536 వస్తుంది. అదే ప్రోగ్రామ్‌ని మా ఇంటి లాప్‌టాప్‌లో జీసీసీకి ఇచ్చాం. ఇక్కడ ఇంట్‌కి నాలుగు బైట్లు. 40000 అని వచ్చింది. ఆ పిల్ల మొహం చూడాలి!

ఇప్పుడు అసలు విషయం. మనం రాసుకునే చోటు ఎడిటర్. రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. జీనీ ఎడిటర్, జీసీసీ కంపైలర్. మీరు మీట నొక్కగానే జీనీ మీ ఫైలును జీసీసీకి అందిస్తుంది, అది చెప్పిన మాటను తెచ్చి కింద చూపిస్తుంది. టర్బో సీలో ఈ రెండూ ఒకే పెట్టెలో కలిపి ఇచ్చారు. దాంతో ఆ నీలం తెరే సీ భాష అనుకుంటారు పిల్లలు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. తేడా చెప్పినవాళ్లు లేక మూడేళ్లు పోయాయి. మీకు ఒక్క రోజు కూడా అలా పోకూడదు.

టర్బో సీ మొదట వచ్చింది 1987లో. జీసీసీ మొదటి విడుదల కూడా ఆ ఏడాదే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ చేతుల మీదుగా. టర్బో సీ సోర్సు, అంటే దాన్ని రాసిన అసలు కోడ్, తయారుచేసిన కంపెనీ దగ్గరే ఉండిపోయింది. వాళ్లు వదిలేశాక దాన్ని ముందుకు తీసుకెళ్లే వీలు ఎవరికీ లేకపోయింది. జీసీసీ సోర్సు అందరి ముందూ ఉంది కాబట్టి, చేయి వేసేవాళ్లు మారుతూ వచ్చినా పని ఆగలేదు. ఓపెన్ సోర్సు అంటే ఉచితం అనే అనుకుంటారు చాలామంది. ఉచితం చిన్న సంగతి, ఇలా ఆగకుండా సాగడం పెద్ద సంగతి.

ఇక పనిలోకి దిగుదాం. జీనీలో కొత్త ఫైలు తెరిచి, ఏమీ రాయకముందే సేవ్ చేయండి. పేరు చివర చుక్క పెట్టి సీ చిన్న అక్షరం ఉండాలి. ఆ తోకను బట్టే ఇది సీ ఫైలని జీనీ గుర్తుపట్టి రంగులు వేస్తుంది. బస్తాలు 500, కిలోలు 80, మొత్తం అని మూడు ఇంట్‌లు పెట్టుకుని, మొత్తం అనే ఇంట్ పెట్టే లైనులోనే గుణించి, కింది లైనులో ప్రింట్‌ఎఫ్‌తో చూపించండి. ల్యాబ్ అలవాటులో వచ్చే మూడింటిని మాత్రం వదిలేయండి: పైన కొనియో హెడర్, లోపల క్లియర్ స్క్రీన్, చివర గెట్ సీహెచ్. అవి సీ ప్రమాణంలో లేవు, ఉబుంటులో కొనియో ఫైలే ఉండదు. మెయిన్ ముందు వాయిడ్ బదులు ఇంట్ రాయండి. రెండు వాలు గీతలు గీసి, వాటి పక్కన ఈ లైను ఏం చేస్తుందో తెలుగులోనే రాసుకోవచ్చు. కంపైలర్ దాన్ని పట్టించుకోదు.

ఎఫ్8 కంపైల్, ఎఫ్9 బిల్డ్ (అంటే నడిపే ఫైలు తయారుచేయడం), ఎఫ్5 రన్. వేరే కిటికీలో జవాబు వచ్చి, ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది. తెర మాయమవకుండా గెట్ సీహెచ్ పెట్టే పని ఇక్కడ లేదు.

40000 వచ్చిందా? ఇప్పుడు కావాలనే చెడగొడదాం. గుణించిన లైను చివర సెమీకోలన్ తీసేసి మళ్లీ ఎఫ్9 నొక్కండి. కింద ఎర్రటి అక్షరాల్లో, ప్రింట్‌ఎఫ్ ముందు కామా గానీ సెమీకోలన్ గానీ ఉండాలి అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక మాట వస్తుంది. దాని మీద క్లిక్ చేస్తే కర్సర్ నేరుగా ప్రింట్‌ఎఫ్ లైనుకు పోతుంది. ఆ లైనులో తప్పేమీ ఉండదు, తప్పు పై లైనులో ఉంది. ఎందుకంటే వాక్యం ముగియలేదని కంపైలర్‌కు తెలిసేది తర్వాతి మాట చదివాకే. చూపించిన లైను బాగుంటే దాని పై లైను చూడండి. ఈ ఒక్క అలవాటు మీకు గంటలు మిగులుస్తుంది. ఐదారుసార్లు తీసి, పెట్టి చూడండి, భయం పోతుంది.

జీనీయే ఎందుకని అడిగితే, మన దగ్గర పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లు. వాటి మీద ఇది బరువు లేకుండా నడుస్తుంది. లాగిన్ అడగదు, నెట్ అక్కర్లేదు. పైథాన్ నేర్చుకునేవాళ్లకు థానీ చాలా మంచిది. జావాకు నెట్‌బీన్స్ గానీ ఎక్లిప్స్ గానీ చూడండి. విమ్, ఈమ్యాక్స్ అనే ఎడిటర్లు గట్టివే గానీ మొదటి నెలలో వద్దంటాను. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ పేరు అందరూ వినే ఉంటారు. దాని సోర్సు ఓపెన్ సోర్సే, కానీ మనం దింపుకునే, తయారుగా దొరికే ప్యాకేజీకి మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు ఉంటుంది. అదే సోర్సు నుంచి ఓపెన్ లైసెన్సుతోనే కట్టి ఇచ్చేది వీఎస్‌కోడియం. కాస్త మంచి లాప్‌టాప్ ఉంటే నేను అదే చెబుతాను.

జీనీని పెన్‌డ్రైవ్‌లో వేసి మీ స్నేహితులకు ఇవ్వండి. దొంగ కాపీ అన్న బెరుకు అక్కర్లేదు. పంచుకునే హక్కును జీనీకి ఉన్న జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సే రాసి ఇస్తోంది.

ఇంటిపని: బస్తాలను 3 కోట్లు చేయండి. జీసీసీలోనూ మైనస్ అంకె వస్తుంది. ఎందుకంటే నాలుగు బైట్లలో పట్టే పెద్ద అంకె 2147483647, మన లెక్క 240 కోట్లు. ఇప్పుడు మూడు ఇంట్‌లనూ, ఇంకా ఎక్కువ చోటు దొరికే లాంగ్‌గా మార్చి మళ్లీ ఎఫ్9, ఎఫ్5 నొక్కండి. అయినా మైనస్ పోదు. కానీ ఈసారి ప్రింట్‌ఎఫ్ గురించి జీసీసీ కింద ఒక హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరికను నిదానంగా చదివి, అది చెప్పినట్టు ఒక్క అక్షరం చేర్చి, నాలుగో పాఠానికి రండి.