కారణం తెలియని నాడీ లక్షణాలు: నిర్ధారణ కోసం సిద్ధపడే విధానం

పరీక్షలన్నీ సాధారణంగానే ఉన్నాయని నివేదికలు చెబుతున్నా కాళ్లలో మంట, చేతిలో తిమ్మిరి, నడకలో తూలు, ఉన్నట్టుండి కమ్ముకొచ్చే నీరసం నెలల తరబడి వదలకపోవడం నాడీ వైద్యంలో అరుదేమీ కాదు. ఈ స్థితిలో ఉన్నవారు ఎక్కువగా మరో స్కాన్ కోసం వెతుకుతారు. అయితే నాడీ సమస్యల్లో నిర్ధారణకు మొదట దారి చూపేది చాలాసార్లు రోగి చెప్పే వివరమే. ఏ భాగాన్ని స్కాన్ చేయాలో, ఏ పరీక్ష అవసరమో తేలేది కూడా ఆ వివరం నుంచే.

అన్నిటికంటే ముందు, ఇంట్లో కూర్చుని గమనించకూడని లక్షణాలేవో తెలిసి ఉండాలి. హఠాత్తుగా మూతి ఒక పక్కకు వంగినా, ఒక చెయ్యి లేదా కాలు పడిపోయినా, మాట తడబడినా, ఒక కంటి చూపు పోయినా, అది కొద్ది నిమిషాల్లో సర్దుకున్నప్పటికీ, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే మందును సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు కనుక, రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని పక్కనున్నవారు గుర్తుంచుకోవాలి. క్షణాల్లో భరించలేని స్థాయికి చేరే తలనొప్పి, 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, పాదాల నుంచి పైకి పాకుతూ రోజుల్లోనే పెరిగే బలహీనత, నడుము నొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోవడం లేదా మూత్రం ఆగిపోవడం కూడా అంతే అత్యవసరమైనవి.

మిగిలిన సందర్భాల్లో నాడీ వైద్యుల మనసులో ప్రధానంగా రెండు ప్రశ్నలు ఉంటాయి: లోపం ఎక్కడ ఉంది, ఎంత వేగంతో వచ్చింది. మెదడు, వెన్నుపాము, దాని నుంచి బయలుదేరే నరాల మూలాలు, చేతులు కాళ్లలోకి సాగే నరాలు, నరం కండరంతో కలిసే చోటు, కండరం, వీటిలో ఏది దెబ్బతిన్నా దాని లక్షణాలకు ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. రెండు పాదాల్లోనూ మొదలై మేజోళ్లు తొడిగినంత మేర పైకి పాకే తిమ్మిరి చివరి నరాల వైపు చూపుతుంది. ఛాతీ మీదో పొట్ట మీదో ఒక స్థాయి నుంచి కిందికంతా స్పర్శ తగ్గితే వెన్నుపామును అనుమానిస్తారు. తల ముందుకు వంచినప్పుడు వెన్ను వెంట కరెంటు పాకినట్టు అనిపిస్తే మెడలోని వెన్నుపామును పరిశీలించాలి. ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, నమిలే కొద్దీ దవడ అలసిపోవడం నరం కండరంతో కలిసే చోట వచ్చే మయస్థీనియా గ్రావిస్ అనే వ్యాధి లక్షణాలు కావచ్చు. ఇక వేగం సంగతి: క్షణాల్లో వచ్చిపడేది రక్తనాళాలకో ఫిట్స్‌కో సంబంధించినది కావచ్చు, నిమిషాల మీద మెల్లగా విస్తరించి గంటలోపు తగ్గేది మైగ్రేన్ ఆరా (మైగ్రేన్ తలనొప్పికి ముందు వచ్చే చూపు, స్పర్శ మార్పులు) కావచ్చు, రోజుల్లో పెరిగి వారాల్లో తగ్గేది ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించవచ్చు, నెలలు, ఏళ్ల మీద పెరిగేది పోషక లోపమో, క్షీణతో, వంశపారంపర్య సమస్యో కావచ్చు.

కాబట్టి వైద్యుల వద్దకు తీసుకువెళ్లే కాగితంలో మొదటి లక్షణం ఎప్పుడు, ఏ అవయవంలో మొదలైందో, తరువాత ఏది ఏ వరుసలో చేరిందో, ఏది పూర్తిగా తగ్గి మళ్లీ వచ్చిందో, వేడి, నిలబడటం, నిద్రలేమి, శ్రమ వంటివాటిలో ఏది దాన్ని పెంచుతుందో రాయాలి. ఒక పేజీ చాలు; పది పేజీల చరిత్రను చదివే వ్యవధి ఏ వైద్యుడికీ ఉండదు. అనుభూతిని పనితో కలిపి చెప్పడం మేలు. చేతిలో బలం లేదనడం కంటే, ఫలానా నెల నుంచి కుడిచేత్తో బొత్తాలు పెట్టుకోలేకపోతున్నానని చెప్పడం వల్ల ఎక్కువ తెలుస్తుంది. కళ్లు తిరుగుతున్నాయని మాత్రమే చెబితే గది గిర్రున తిరుగుతున్నట్టుందా, స్పృహ తప్పబోతున్నట్టుందా, నడకలో నిలకడ లేదా అన్నది తేలదు. ఈ మూడింటికీ వేర్వేరు కారణాలు ఉంటాయి. ఏదైనా జబ్బు గురించి భయం ఉంటే దాన్ని దాచనవసరం లేదు గానీ, వివరమంతా చెప్పిన తరువాత చివర చెప్పాలి. ముందే పేరు చెబితే వినేవారి ఆలోచన ఆ పేరు చుట్టూనే తిరిగే ప్రమాదం ఉంది.

వచ్చిపోయే లక్షణాలకు ఫోన్‌లో తీసిన వీడియోను మించిన ఆధారం తక్కువ. ముఖమూ శరీరమూ రెండూ కనిపించేలా తీయాలి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసుకున్నాయా, పేరు పెట్టి పిలిస్తే స్పందన ఉందా అన్నవి అందులో నమోదు కావాలి. దినచర్య పుస్తకం విషయంలో మాత్రం మితం అవసరం. గంటగంటకూ శరీరాన్ని తరచి చూసుకోవడం వల్ల లక్షణాలు మరింత తీవ్రంగా తోచవచ్చు. రాత్రి పడుకునే ముందు రెండు వాక్యాలు రాసుకుంటే సరిపోతుంది.

వాడుతున్న మందులన్నిటి పేర్లూ, దుకాణంలో సొంతంగా కొన్నవాటితో సహా, ఆ కాగితంలో ఉండాలి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే భాగం. తల తిరగడానికి వాడే సినరిజైన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ పార్కిన్సన్ వ్యాధిని పోలిన వణుకును, బిగుసుకుపోవడాన్ని తెచ్చిపెట్టగలవు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ వణుకు కలిగించవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బీ12 తగ్గవచ్చు. నరాలకు మంచిదని అధిక మోతాదులో మింగే బీ6 విటమినే నరాలను దెబ్బతీయగలదు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి స్థిరపడిపోవచ్చు. అయితే అనుమానం వచ్చిందని ఏ మందునూ తనంతట తానుగా ఆపకూడదు.

తరువాతి పని, చికిత్సకు లొంగే కారణాలను ముందుగా వెతకమని అడగడం. బీ12, థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు సులభమైనవే అయినా కొందరి ఫైళ్లలో అవి కనిపించవు. రక్తహీనత లేకుండానే బీ12 లోపం నరాలను, వెన్నుపామును దెబ్బతీయగలదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చేసే పరీక్ష ఆ లోపాన్ని కప్పిపుచ్చగలదు కనుక రక్త నమూనా ముందే ఇవ్వడం మంచిది. ఫలితం అంచు మీద ఉంటే, బీ12 తగ్గినప్పుడు పెరిగే మిథైల్‌మెలోనిక్ ఆమ్లం పరీక్ష సందేహం తీర్చవచ్చు. చిన్న వయసులో వణుకు, మాట ముద్దగా రావడం మొదలైతే శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి కోసం సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే రక్తంలోని ప్రోటీన్), మూత్రంలో రాగి, కంటి పరీక్షలు అవసరం. నిలబడితే గుండె దడ, తల తేలిపోవడం ఉన్నవారికి పడుకోబెట్టి, తరువాత 10 నిమిషాలు నిలబెట్టి రక్తపోటు, నాడి చూడాలి. రక్తపోటు పడిపోకుండా నాడి మునుపటి కంటే నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే నిలిచి ఉంటే పాట్స్ అనే సమస్యను ఆలోచిస్తారు. కౌమార వయసులో ఆ హద్దు 40.

పరీక్ష సాధారణంగా వచ్చిందంటే అది అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చిందని భావించాలి. మెదడు ఎంఆర్ఐ వెన్నుపాము గురించి ఏమీ చెప్పదు. నరాల్లో విద్యుత్ సంకేతాలు ఎలా సాగుతున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద తంతువులను మాత్రమే కొలుస్తుంది. మంటను, వేడి చల్లదనాలను మోసే సన్నని తంతువులు దెబ్బతిన్నప్పుడు అది సాధారణంగానే రావచ్చు, అప్పుడు చర్మపు చిన్న ముక్క తీసి పరీక్షించవలసి ఉంటుంది. ఒక్కసారి తీసిన ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో) ఏమీ కనిపించనంత మాత్రాన మూర్ఛ లేదని తేలదు. మయస్థీనియా కళ్లకే పరిమితమైనవారిలో సుమారు సగం మందికి ప్రధాన యాంటీబాడీ పరీక్ష నెగటివ్‌గా వస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది: వయసు పెరిగినవారిలో, మైగ్రేన్ ఉన్నవారిలో మెదడు మీద తెల్లని మచ్చలు, ఏ నొప్పీ లేనివారిలో సైతం వెన్ను డిస్కు ఉబ్బులు కనిపిస్తుంటాయి. నివేదికలో ఏదో రాసి ఉందని దాన్నే కారణంగా పట్టుకోకుండా, అది తన లక్షణాలకు సరిపోతుందా అని వైద్యులను సూటిగా అడగాలి.

ఫంక్షనల్ న్యూరోలాజికల్ డిజార్డర్ (నాడీ వ్యవస్థ నిర్మాణం దెబ్బతినకుండా దాని పనితీరులో వచ్చే లోపం) అనే మాట వినబడగానే, తాము నటిస్తున్నామని అంటున్నారేమోనని చాలామంది నొచ్చుకుంటారు. ఆ బాధకు కారణం ఉంది. ఆ పేరును అడ్డుపెట్టుకుని రోగిని వదిలించుకున్న సందర్భాలు లేకపోలేదు. అయితే సరిగా చేసినప్పుడు అది ఏమీ దొరకనందుకు వేసే ముద్ర కాదు, పరీక్షలో కనబడే ఆధారాల మీద నిలిచే నిర్ధారణ. బలహీనమైన కాలిని మంచానికేసి అదమమంటే బలం రాదు, రెండో కాలిని ఎత్తమన్నప్పుడు అదే కాలు బలంగా అదుముతుంది. 1908లో చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ వర్ణించిన ఈ గుర్తు నేటికీ వాడుకలో ఉంది. మానసిక ఒత్తిడి కనబడి తీరాలన్న నిబంధనను అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథమైన, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 తొలగించింది. ఈ పేరు చెప్పినప్పుడు ఏ గుర్తు చూసి చెప్పారని అడగవచ్చు. గుర్తు చూపించి, ప్రత్యేక ఫిజియోథెరపీ సూచించినవారి మాట నమ్మదగినది. ఈ సమస్య మరో నాడీ వ్యాధితో కలిసి కూడా ఉండవచ్చు.

పేరు తేలేవరకు చికిత్స ఆగనవసరం లేదు. నరాల మంటకు అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, గాబాపెంటిన్ వంటి మందులను కారణం తేలకముందే వైద్యులు ఇవ్వగలరు. స్పృహ తప్పే అవకాశం ఉన్నవారు వాహనం నడపడం, ఈత, నిచ్చెనలు ఎక్కడం మానుకోవాలి. స్నానాల గదికి లోపల గడియ పెట్టకూడదు. ఓపిక ఉన్న రోజున పనంతా చేసేసి తరువాత మూడు రోజులు మంచం పట్టడం కంటే, రోజూ చేయగలిగినంతలో కొంచెం తక్కువగా చేసి మధ్యలో విశ్రాంతి తీసుకోవడం చాలామందికి నప్పుతుంది. పనిచేసే చోట వెసులుబాటు కావాలంటే వ్యాధి పేరు లేకపోయినా, ఎంతసేపు నిలబడగలరో, ఎంత బరువు ఎత్తగలరో తెలిపే ధ్రువపత్రం అడగవచ్చు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు నివేదికల కాగితాలతో పాటు స్కాన్ చిత్రాలు ఉన్న డిస్కును కూడా తీసుకెళ్లాలి. చిత్రాలను స్వయంగా చూసే వైద్యులకు ఆ కాగితం మాత్రమే సరిపోదు. మార్పేమీ లేనప్పుడు అవే పరీక్షలను మళ్లీ మళ్లీ చేయించడం వల్ల దక్కేది తక్కువ. కొత్త లక్షణం చేరినప్పుడు, పరీక్షలో కొత్త గుర్తు కనబడినప్పుడు మళ్లీ చూపించుకోవాలి. లేకుంటే ఆరు నెలలకో ఏడాదికో ఒకే వైద్యుల చేత నరాల పరీక్ష చేయించుకుంటే చిన్న తేడా సైతం దొరుకుతుంది. జన్యు పరీక్షలో ఏమీ తేలనివారు కొన్నేళ్ల తరువాత అదే సమాచారాన్ని తిరిగి విశ్లేషించమని ప్రయోగశాలను అడగవచ్చు. ఈలోగా కొత్త జన్యువులు గుర్తింపు పొందుతాయి కనుక, కొత్త రక్త నమూనా ఇవ్వకుండానే కొందరికి జవాబు దొరుకుతోంది.